పదమూడు గెలుపుల పక్క ఏడాదే పది ఓటములు: ఫ్లోరిడా స్టేట్ 2024 సీజన్‌పై ఒక కేస్ స్టడీ

2024 నవంబర్ 9 రాత్రి ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ అమెరికన్ ఫుట్‌బాల్ టీమ్ నోట్రడామ్ చేతిలో 52-3తో ఓడిపోయింది. మ్యాచ్ అయిన కాసేపటికి, ఆ యూనివర్సిటీ ఉన్న టాలహాసీలో ఎంఎస్ చేస్తున్న ఒక వరంగల్ కుర్రాడు నాకు వాయిస్ మెసేజ్ పెట్టాడు. "అన్నా, నేను అప్లికేషన్ పెట్టుకున్నప్పుడు మా టీమ్ ఒక్క మ్యాచ్ కూడా ఓడలేదు. నేనొచ్చాక ఒక్కటే గెలిచింది. ఇంత కింద పడిపోతారా ఎవరైనా?" ఆ గొంతులో బాధ నిజం. అమెరికా వచ్చి నిండా నాలుగు నెలలు కాలేదు, అప్పుడే ఆ టీమ్ వాడి సొంతమైపోయింది.

ఆ రాత్రి వాడికి సరైన జవాబు చెప్పలేకపోయాను. నా చేతిలో ఉన్నవి అందరి దగ్గరా ఉన్న జవాబులే: కోచ్ తప్పు, క్వార్టర్‌బ్యాక్ తప్పు, డబ్బు ఎక్కువై బద్ధకం వచ్చింది, టైమ్ బాలేదు. ఇవేవీ నాకు నచ్చలేదు. తర్వాత తీరిక చేసుకుని ఆ సీజన్‌నూ దాని ముందు సీజన్‌నూ వరసగా చూశాను. ఇది వాడికి చెప్పాల్సిన జవాబు.

నా గురించి ఒక్క మాట. పగలు సాఫ్ట్‌వేర్ పని. శుక్రవారం రాత్రుళ్లు జార్జియాలో ఒక హైస్కూల్ టీమ్‌కి వీడియో అనలిస్ట్‌ని. మ్యాచ్ వీడియోను ఒక్కో ప్లేగా (బంతి కదిలినప్పటి నుంచి ఆగేదాకా ఒక ప్లే) కోసి, ఎన్నో డౌన్, ఎన్ని యార్డులు కావాలి, ఎన్ని వచ్చాయి, ఎవరు ఎక్కడ నిలబడ్డారు అని ట్యాగ్ చేసి శనివారం మధ్యాహ్నానికల్లా కోచ్ చేతిలో పెట్టాలి. మైదానంలో బంతి పట్టుకున్నవాణ్ని అందరూ చూస్తారు. నా పని మిగతా 21 మందిని చూడడం. ఈ కేసును కూడా అలాగే చూశాను.

ఆట తెలియనివాళ్ల కోసం రెండు ముక్కలు. బంతి చేతిలో ఉన్న జట్టుకు నాలుగు ప్రయత్నాలుంటాయి, వాటినే డౌన్లు అంటారు. ఆ నాలుగింట్లో 10 యార్డులు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు కొత్త డౌన్లు. జరక్కపోతే బంతి అవతలివాళ్లది. బంతి విసిరేవాడు క్వార్టర్‌బ్యాక్. వాడి ముందు గోడలా నిలబడే అయిదుగురు భారీ మనుషులది అఫెన్సివ్ లైన్. ఈ లైన్ సంగతి కబడ్డీ ఆడినవాళ్లకు వెంటనే అర్థమవుతుంది. చైన్ పట్టుకున్న ఇద్దరిలో ఒకడు అర అడుగు ముందుకు పడితే చాలు, రెయిడర్ ఆ సందులోంచే జారిపోతాడు. ఇక్కడా అంతే, నలుగురు బాగా ఆడి ఒకడు తప్పటడుగు వేస్తే అయిదుగురూ ఓడినట్టే.

కేసు వివరాలు

ఫ్లోరిడా స్టేట్ యూనివర్సిటీ టీమ్ పేరు సెమినోల్స్. కాలేజీ జట్లు కాన్ఫరెన్స్‌లనే కూటములుగా ఆడతాయి. వీళ్లు ఆడేది అట్లాంటిక్ కోస్ట్ కాన్ఫరెన్స్‌లో, అంటే ఏసీసీలో. కాలిఫోర్నియా, స్టాన్‌ఫర్డ్, ఎస్‌ఎంయూ వచ్చి చేరడంతో 2024లో ఈ కాన్ఫరెన్స్ 17 జట్లది అయింది. సీజన్ మొదలయ్యేటప్పటికి ఫ్లోరిడా స్టేట్‌ది దేశంలో 10వ ర్యాంకు. ముగిసేటప్పటికి 2 గెలుపులు, 10 ఓటములు. ఏసీసీలో 1-7తో, 17 జట్లలో ఆఖరి స్థానం.

ఏసీసీ ఫలితాలు ఇవీ, ఫ్లోరిడా స్టేట్ స్కోరు ముందు:

జార్జియా టెక్ 21-24
బోస్టన్ కాలేజ్ 13-28
కాలిఫోర్నియా 14-9
ఎస్‌ఎంయూ 16-42
క్లెమ్సన్ 13-29
డ్యూక్ 16-23
మయామీ 14-36
నార్త్ కరోలినా 11-35

కాన్ఫరెన్స్ బయట మెంఫిస్‌తో 12-20, నోట్రడామ్‌తో 3-52, ఫ్లోరిడాతో 11-31తో ఓడారు. కింది డివిజన్ జట్టయిన చార్ల్‌స్టన్ సదర్న్ మీద 41-7తో గెలిచారు. మెంఫిస్ ఓటమి కోచ్ మైక్ నార్వెల్‌కు మరీ నొప్పి కలిగించి ఉంటుంది. 2016 నుంచి 2019 దాకా ఆయన నడిపించిన జట్టే అది.

ఈ బడికి ఇంత ఘోరం కొత్తేమీ కాదు, కానీ చాలా పాతది. 1973లో 11 మ్యాచ్‌లకు 11 ఓడిపోయారు, 1974లో ఒక్కటే గెలిచారు. 1976లో బాబీ బౌడెన్ కోచ్‌గా వచ్చి ఆ రోజులను మరిపించారు. యాభై ఏళ్ల తర్వాత మళ్లీ రెండంకెల ఓటములు.

దానికి ముందు ఏడాది, 2023లో, ఇదే టీమ్ 13-0తో ఏసీసీ చాంపియన్. అయినా డిసెంబర్ 3న, జాతీయ చాంపియన్‌ను తేల్చే నాలుగు జట్ల ప్లేఆఫ్‌కి వీళ్లను తీసుకోలేదు. పెద్ద కాన్ఫరెన్స్‌లో ఓటమి లేకుండా చాంపియన్ అయిన జట్టును పక్కన పెట్టడం ఆ నాలుగు జట్ల పద్ధతిలో అదే మొదటిసారి. అన్ని మ్యాచ్‌లూ గెలిచిన పిల్లలకు అది అన్యాయమని అప్పుడూ అనుకున్నాను, ఇప్పుడూ అనుకుంటున్నాను. తర్వాత సీజన్ చివర ఆడే ఆరెంజ్ బౌల్ మ్యాచ్‌లో జార్జియా చేతిలో 63-3 ఓటమితో ఆ సీజన్ 13-1గా ముగిసింది.

ముందు అదృష్టం లెక్క తేల్చుకోవాలి

ఓడిన జట్టు కేసు ఏది చేతికొచ్చినా నేను మొదట చేసే పని ఒకటే. నిజంగా బలహీనమా, లేక దగ్గర దాకా వచ్చి పోగొట్టుకుందా? ఈ రెండింటికీ మందు వేరు. బేస్‌బాల్‌లో బిల్ జేమ్స్ మొదలుపెట్టిన ఒక లెక్క ఉంది, పైథాగరియన్ అంచనా అంటారు. వేసిన పాయింట్లను, ఇచ్చిన పాయింట్లను చూసి ఎన్ని మ్యాచ్‌లు గెలవాల్సిందో చెబుతుంది. ఫుట్‌బాల్‌కి అందులో ఘాతం 2.37గా వాడతాం.

2024లో ఫ్లోరిడా స్టేట్ 185 పాయింట్లు వేసి 336 ఇచ్చింది. లెక్క వేస్తే 12 మ్యాచ్‌లకు 2.3 గెలుపులు రావాలి. వచ్చినవి 2. అంటే దురదృష్టం పాలు దాదాపు ఏమీ లేదు. కాన్ఫరెన్స్ మ్యాచ్‌లు మాత్రమే తీసుకున్నా అదే కథ: 118 వేసి 226 ఇచ్చారు, అంచనా 1.4, గెలిచింది 1. ఏసీసీలో ఓడిన ఏడింట్లో 8 పాయింట్ల లోపు తేడాతో పోయినవి రెండే, జార్జియా టెక్, డ్యూక్. మిగతా అయిదూ 15 పాయింట్లు, అంతకు మించిన తేడాతో పోయినవి.

ఇదే లెక్క 2023కి వేసి చూస్తే అసలు సంగతి బయటపడుతుంది. అప్పుడు 484 వేసి 270 ఇచ్చారు. 14 మ్యాచ్‌లకు అంచనా 11.2 గెలుపులు, వచ్చినవి 13. బోస్టన్ కాలేజ్ మీద 31-29, క్లెమ్సన్ మీద ఓవర్‌టైమ్‌లో 31-24, మయామీ మీద 27-20. అదృష్టం అక్కరకొచ్చింది 2023లో. ఆ టీమ్ గొప్పదే, సందేహం లేదు. కానీ 13 అన్న అంకె దాని అసలు బలం కన్నా కాస్త ఎక్కువ చెప్పింది. పడిపోయిన లోతు కొలిచేటప్పుడు ఎత్తు కూడా సరిగ్గా కొలవాలి.

ఇంకో న్యాయమైన మాట. షెడ్యూల్ సులువైనది కాదు. ఆ ఏడాది ఏసీసీలో 8-0తో మొదటి స్థానంలో నిలిచిన ఎస్‌ఎంయూ, 7-1 క్లెమ్సన్, 6-2 మయామీ, ముగ్గురూ వీళ్ల షెడ్యూల్లోనే పడ్డారు. అయితే 4-4 బోస్టన్ కాలేజ్, 3-5 నార్త్ కరోలినా చేతుల్లో కూడా ఇంట్లోనే చిత్తుగా ఓడారు కాబట్టి, షెడ్యూల్ మీద వేయగలిగిన నింద కొంతే.

జబ్బు మొదలైన తేదీ

అందరూ ఈ సీజన్ కథను 2024 ఆగస్టు 24న డబ్లిన్‌లో జార్జియా టెక్‌తో ఆడిన మొదటి మ్యాచ్‌తో మొదలుపెడతారు. నేను 2023 నవంబర్ 18న మొదలుపెడతాను.

ఆ రోజు టాలహాసీలో నార్త్ అలబామాతో మ్యాచ్. మొదటి క్వార్టర్‌లోనే క్వార్టర్‌బ్యాక్ జోర్డాన్ ట్రావిస్ బంతి పట్టుకుని పరుగెత్తి, టాకిల్‌లో ఎడమ కాలు విరగ్గొట్టుకున్నాడు. ప్రత్యర్థి కింది డివిజన్ జట్టు కావడంతో ఆ మ్యాచ్ 58-13తో గెలిచారు, ఎవరికీ ఏమీ తేడా కనపడలేదు. తర్వాతి మూడు మ్యాచ్‌ల స్కోర్లు చూడండి: ఫ్లోరిడా మీద 24, లూయిస్‌విల్ మీద 16, జార్జియా మీద 3. సగటున 14 చిల్లర. లూయిస్‌విల్ మీద ఏసీసీ ఫైనల్లో అప్పుడే కాలేజీలో అడుగుపెట్టిన బ్రాక్ గ్లెన్‌ను ఆడించాల్సొచ్చింది. మ్యాచ్ మొత్తం మీద పాస్‌ల ద్వారా వచ్చింది 55 యార్డులు. ఆ రోజు గెలిపించింది డిఫెన్స్, అందరూ ట్రోఫీ చూశారు.

ఇప్పుడు 2024లో మొదటి పది మ్యాచ్‌లు తీసుకోండి. 21, 13, 12, 14, 16, 13, 16, 14, 11, 3. సగటు 13.3. పదింట్లో ఒక్కసారి కూడా 21 దాటలేదు.

ఈ రెండు వరసలనూ పక్కపక్కన రాసుకున్నప్పుడు కాసేపు వాటినే చూస్తూ కూర్చున్నాను. రెండు వేర్వేరు సీజన్లు కావివి, ఒకటే ధార. మధ్యలో ట్రోఫీ, చలికాలం సెలవులు, కొత్త ప్లేయర్లు, 10వ ర్యాంకు వచ్చి మనకు రెండుగా కనపడేలా చేశాయి. ట్రావిస్ గాయపడ్డాక, కింది డివిజన్ జట్లను వదిలేసి, 2024 చివరి దాకా లెక్క వేస్తే 14 మ్యాచ్‌లు, 3 గెలుపులు, సగటు 13.4 పాయింట్లు. ఆ మూడు గెలుపుల్లో ప్రత్యర్థుల స్కోర్లు 15, 6, 9. అవతలివాళ్లను 15 దగ్గర ఆపగలిగితేనే గెలిచారు, ఒక్క పాయింటు మీరినా గెలవలేదు.

ఆరెంజ్ బౌల్‌ను ఇందులో కలపడం పూర్తిగా సరి కాదని నాకు తెలుసు. ప్లేఆఫ్ దక్కలేదన్న బాధతో, ప్రొఫెషనల్ లీగ్ అయిన ఎన్‌ఎఫ్‌ఎల్ ఆలోచనతో చాలామంది ఆ మ్యాచ్ ఆడలేదు. దాన్ని తీసేసినా మిగిలేవి 24, 16. అంతకు ముందు నార్త్ అలబామా దాకా ఆ ఏడాది సగటు 40 పాయింట్లు.

వెళ్లిపోయినవాళ్లు ఏం దాచిపెట్టారు

ఎన్‌ఎఫ్‌ఎల్ జట్లు కాలేజీ ఆటగాళ్లను ఎంచుకునే 2024 డ్రాఫ్ట్‌లో ఫ్లోరిడా స్టేట్ నుంచి 10 మంది ఎంపికయ్యారు. వాళ్లలో డిఫెన్స్ ముందు వరసలో ఆడే జారెడ్ వెర్స్, బ్రేడెన్ ఫిస్క్, పాస్‌లు పట్టే రిసీవర్లు కియాన్ కోల్‌మన్, జానీ విల్సన్, బంతితో పరుగెత్తే ట్రే బెన్సన్, ఇంకా ట్రావిస్ ఉన్నారు. అందరూ "పదిమంది మంచి ప్లేయర్లు పోయారు" అంటారు. నిజమే. కానీ దాంతో నాకు సగమే అర్థమవుతుంది. ఎందుకంటే అఫెన్సివ్ లైన్‌లో పాతవాళ్లు చాలామంది అక్కడే ఉన్నారు. వయసూ అనుభవమూ ఉన్న లైన్ అని సీజన్ ముందు దాన్నే బలంగా చెప్పుకున్నారు. మరి అదే లైన్ 2024లో ఎందుకు చతికిలబడింది? గాయాలయ్యాయి, అది ఒక కారణం. కానీ గాయాలు ముదరక ముందే, మొదటి రెండు వారాల్లోనే లోపం కనపడింది.

2023 వీడియో మళ్లీ చూస్తే నాకు తోచింది ఇది. ఆ లైన్ అప్పుడు కూడా అంత గొప్పది కాదు. లైన్ సందిస్తే ట్రావిస్ కాళ్లతో తప్పించుకునేవాడు, పక్కకు జరిగి, పరుగెత్తుతూనే విసిరేవాడు. లైన్ చేసిన తప్పు స్కోరు షీట్‌లో 8 యార్డుల లాభంగా పడేది. ఇంకోవైపు కోల్‌మన్ ఎత్తు 6 అడుగుల 4 అంగుళాలు, విల్సన్ 6 అడుగుల 7 అంగుళాలు. వీళ్లిద్దరికీ భయపడి డిఫెన్స్ ఇద్దరు సేఫ్టీలను (చిట్టచివర కాపలా కాసేవాళ్లను) ఇంకా వెనక్కి జరుపుకునేది. ముందు మనుషులు తగ్గేవాళ్లు, బెన్సన్ పరుగెత్తడానికి దారి దొరికేది. అంటే లైన్ పనిలో కొంత భాగం ట్రావిస్ కాళ్లు చేశాయి, కొంత ఆ ఇద్దరి ఎత్తు చేసింది.

వాళ్లు వెళ్లాక ఆ పని ఎవరూ చేయలేదు. డిఫెన్స్‌లు మనుషుల్ని ముందుకు తెచ్చి కూర్చోబెట్టాయి. లైన్ ఉన్నది ఉన్నట్టు బయటపడింది.

కొత్తగా వచ్చిన డీజే ఉయాంగలెలైను అందరూ తిట్టారు. అది నాకు బాధ కలిగించింది. క్లెమ్సన్‌లో, ఒరెగాన్ స్టేట్‌లో ఆడి, ఆటగాళ్లు కాలేజీ మారే ట్రాన్స్‌ఫర్ పోర్టల్ ద్వారా వచ్చిన క్వార్టర్‌బ్యాక్, చేతిలో బలం ఉన్నవాడు. అతనికి కావాల్సింది నిలబడడానికి చోటు, చూడడానికి రెండు క్షణాలు. ఆ రెండూ ఇవ్వలేని లైన్ వెనక అతన్ని నిలబెట్టారు. ట్రావిస్ ఖాళీ చేసిన కుర్చీలో ఇంకో క్వార్టర్‌బ్యాక్ కూర్చున్నాడు, కానీ ట్రావిస్ చేసిన పనిలో సగం అసలు క్వార్టర్‌బ్యాక్ పని కాదు. దానికి ఎవరినీ తేలేదు, ఎందుకంటే ఆ పని ఒకటి ఉందని పేరు పెట్టి ఎవరూ రాసుకోలేదు.

సెప్టెంబర్ 2, సోమవారం రాత్రి

ఈ కేసులో ఒక్క మ్యాచే చూసే టైమ్ ఉంటే బోస్టన్ కాలేజ్ మ్యాచ్ చూడమంటాను. దానికి తొమ్మిది రోజుల ముందు డబ్లిన్‌లో జార్జియా టెక్ 190 యార్డులు పరుగుల మీదే, అంటే పాస్ విసరకుండా బంతి పట్టుకుని పరుగెత్తే రాబట్టింది. 21-21 దగ్గర బంతి అందుకుని, ఆరు నిమిషాలకు పైగా తన దగ్గరే ఉంచుకుని, ఆఖరి క్షణంలో 44 యార్డుల ఫీల్డ్ గోల్‌తో, అంటే గోల్ స్తంభాల మధ్యకు తన్నిన కిక్‌తో గెలిచింది. అది చూసి "ఒక్క కిక్‌తో పోయింది" అన్నారు. ఆ ఆరు నిమిషాల్లో వాళ్లను ఎందుకు ఆపలేకపోయారని అడిగినవాళ్లు తక్కువ.

బోస్టన్ కాలేజ్ కోచ్‌లు అడిగినట్టున్నారు. టాలహాసీకి వచ్చి 50 సార్లకు పైగా బంతిని పరుగెత్తించారు. 263 యార్డులు. వాళ్ల క్వార్టర్‌బ్యాక్ థామస్ కాస్టెలనోస్, మా జార్జియాలోని వేక్రాస్ కుర్రాడు, ఎత్తులో చిన్నవాడు, కాళ్లలో స్ప్రింగులున్నట్టు కదులుతాడు. వెర్స్, ఫిస్క్ లేని డిఫెన్స్‌కు అంచులు మూసే మనిషి లేడు. కాస్టెలనోస్ ప్రతిసారీ ఆ అంచు దగ్గరికే వెళ్లాడు. ఇటువైపు ఫ్లోరిడా స్టేట్ పరుగుల మీద సంపాదించింది మ్యాచ్ మొత్తానికి 21 యార్డులు.

263కి 21. ఆ రాత్రి స్కోరు 28-13 అని పేపర్లో పడింది గానీ, నా షీట్‌లో ఆ రాత్రి ఫలితం ఇదే.

ఇక్కడ మా పనిలోని ఒక కొలత చెప్పాలి. ప్లే బాగా జరిగిందా లేదా అన్నది ఇలా చూస్తాం: మొదటి డౌన్‌లో కావాల్సినదాంట్లో సగం రావాలి, రెండో డౌన్‌లో 70 శాతం, మూడు, నాలుగు డౌన్లలో మొత్తం. మొదటి డౌన్‌లో పరుగు తీసి ఒక యార్డే వచ్చిందనుకోండి. ఇప్పుడు రెండో డౌన్‌కి 9 కావాలి. మళ్లీ ఒకటే వస్తే మూడో డౌన్‌కి 8. మూడో డౌన్‌కి 8 కావాలంటే పాస్ తప్ప దారి లేదని అవతలి డిఫెన్స్‌కు తెలుసు. ఇక వాళ్లు పరుగు గురించి ఆలోచించరు, సూటిగా క్వార్టర్‌బ్యాక్ మీదికే ఉరుకుతారు. శాక్ (బంతి విసిరేలోపే క్వార్టర్‌బ్యాక్‌ను పడగొట్టడం), లేదా తొందరపాటు పాస్, లేదా ఇంటర్‌సెప్షన్ (పాస్ అవతలివాళ్ల చేతిలో పడడం). టీవీలో మూడో డౌన్ ఫెయిలవడం కనపడుతుంది, "కీలక సమయంలో చేతులెత్తేశారు" అంటారు కామెంటేటర్లు. చేతులెత్తేసింది అక్కడ కాదు. రెండు ప్లేల ముందు, లైన్‌లో ఒకడి భుజం కింద.

ఈ తప్పు నేనూ చేశాను. మూడేళ్ల కిందట మా హైస్కూల్ టీమ్ వరసగా నాలుగు ఓడితే, మూడో డౌన్ వీడియోలన్నీ ఒకచోట పెట్టి రిసీవర్లు సరిగ్గా పరుగెత్తడం లేదని రిపోర్ట్ ఇచ్చాను. ఒక వారం మొత్తం ప్రాక్టీస్ ఆ పిల్లల మీదే పెట్టారు. తర్వాత మొదటి డౌన్లు చూస్తే లైన్‌లో ఎడమ చివర నిలబడే కుర్రాడు (ఎడమ టాకిల్) చీలమండ నొప్పితో ఆడుతున్నాడు, ఎవరికీ చెప్పలేదు. రిసీవర్ పిల్లల దగ్గరికి వెళ్లి సారీ చెప్పాను. అప్పటి నుంచి ఏ కేసైనా మొదటి డౌన్ నుంచే తెరుస్తున్నాను.

అక్టోబర్ తర్వాత రెండో జబ్బు

సెప్టెంబర్ 21న కాలిఫోర్నియా మీద 14-9తో గెలిచారు. డిఫెన్స్ ఆ రోజు వాళ్ల క్వార్టర్‌బ్యాక్ ఫెర్నాండో మెండోజాను ఏడుసార్లు శాక్ చేసింది. ఆ మెండోజాయే తర్వాత ఇండియానా వెళ్లి 2025లో, కాలేజీ ఫుట్‌బాల్‌లో ఉత్తమ ఆటగాడికిచ్చే హైస్‌మన్ ట్రోఫీ గెలిచాడు. మెండోజాకు కూడా ముందున్న గోడే ఆ రోజు శత్రువు.

వారం తర్వాత ఎస్‌ఎంయూ మీద ఉయాంగలెలై మూడు ఇంటర్‌సెప్షన్లు ఇచ్చాడు, చేతి వేలికి గాయంతో సీజన్ ముగిసింది. ఆడిన 5 మ్యాచ్‌ల్లో 4 టచ్‌డౌన్లు, 6 ఇంటర్‌సెప్షన్లు. అక్కడి నుంచి బ్రాక్ గ్లెన్, ల్యూక్ క్రోమెన్‌హోక్ అనే ఇద్దరు చిన్న పిల్లల మీద బరువు పడింది. కేసు ఇక్కడ మారుతుంది. మొదటి జబ్బు లైన్. రెండోది, ఆ లైన్ వెనక అనుభవం లేని పిల్లలు.

డ్యూక్ మ్యాచ్ దీనికి ఉదాహరణ. అక్టోబర్ 18న ఫ్లోరిడా స్టేట్ డ్యూక్ కన్నా ఎక్కువ యార్డులు సంపాదించింది. కానీ నాలుగుసార్లు బంతిని అవతలివాళ్లకు అప్పగించింది. 23-16తో డ్యూక్ గెలిచింది. అంతకు ముందు 22 సార్లు ఆడి ఒక్కసారీ గెలవని జట్టు అది. డ్యూక్ కోచ్ మానీ డియాజ్ చదువుకున్నది ఫ్లోరిడా స్టేట్‌లోనే. ఆ రోజు నేను చూసిన టాలహాసీ పిల్లలు బాగానే పోరాడారు. ఒక్క ప్లేలో అన్నీ సరిచేయాలని ఆడారు, అందుకే బంతి పోయింది. మిగతా అయిదు మ్యాచ్‌ల గురించి పెద్దగా చెప్పడానికి లేదు. నవంబర్‌కి మనసు కూడా అలసిపోయింది.

మందు

నోట్రడామ్ మ్యాచ్ మర్నాడు నార్వెల్ ముగ్గురు కోచ్‌లను తొలగించారు: అఫెన్సివ్, డిఫెన్సివ్ కోఆర్డినేటర్లు, రిసీవర్ల కోచ్. నెబ్రాస్కా నుంచి టోనీ వైట్‌ను డిఫెన్స్‌కు తెచ్చారు. అఫెన్స్‌కు గస్ మాల్జాన్, యూసీఎఫ్ హెడ్ కోచ్ పదవి వదులుకుని వచ్చారు. 2014 జనవరిలో జాతీయ ఫైనల్లో ఫ్లోరిడా స్టేట్ 34-31తో ఓడించిన ఆబర్న్ కోచ్ ఈయనే. నార్వెల్ ఇంతకాలం తన దగ్గర పెట్టుకున్న ప్లే కాలింగ్‌ను, అంటే ఏ ప్లే ఆడాలో చెప్పే పనిని, మాల్జాన్ చేతికిచ్చారు. హెడ్ కోచ్ అంతటివాడు అది ఇచ్చేయడం తేలికైన పని కాదు, అందుకు నాకు ఆయన మీద గౌరవం పెరిగింది. 2025 జీతంలో 45 లక్షల డాలర్లు యూనివర్సిటీ నిధికి ఇవ్వడానికి కూడా ఒప్పుకున్నారు.

అన్నిటికన్నా నాకు నచ్చింది క్వార్టర్‌బ్యాక్ ఎంపిక. వాళ్లు తెచ్చుకున్నది థామస్ కాస్టెలనోస్‌ను. అవును, సెప్టెంబర్ 2 రాత్రి తమ అంచుల మీదికి పరుగెత్తి తమను ఓడించినవాణ్నే. మాల్జాన్ అతన్ని యూసీఎఫ్‌లో ముందే ఎరుగు. ఈసారి పేరు చూసి కాకుండా పని చూసి తెచ్చుకున్నారు: లైన్ తప్పు చేసినప్పుడు కాళ్లతో దాన్ని సరిదిద్దేవాడు.

2025 ఆగస్టు 30న అలబామాను 31-17తో ఓడించారు. పరుగుల మీద 230 యార్డులు. కాస్టెలనోస్ విసిరింది 14 పాస్‌లే. మొదటి డౌన్ దగ్గర ఆట మారిపోయింది.

తర్వాతి ఏడాది సంగతి

ఇక్కడితో కథ సుఖంగా ముగిసిందని రాయాలని ఉంది గానీ, 2025 సీజన్ కూడా 5-7తో ముగిసింది. ఏసీసీలో 2-6. కుర్రాడు మళ్లీ మెసేజ్ పెట్టాడు, "అన్నా, ఒకటి నుంచి రెండు. ఇదేనా బాగుపడడం?"

వాడికి రెండు వరసలు రాసి పంపాను. 2024 ఏసీసీ మ్యాచ్‌లు: వేసినవి 118, ఇచ్చినవి 226. తేడా మైనస్ 108. 2025 ఏసీసీ మ్యాచ్‌లు: వేసినవి 201, ఇచ్చినవి 194. తేడా ప్లస్ 7. ఎనిమిదింట్లో ఆరు ఓడిన జట్టు ప్రత్యర్థుల కన్నా ఎక్కువ పాయింట్లు వేసింది. వర్జీనియాతో రెండో ఓవర్‌టైమ్‌లో 38-46, మయామీతో 22-28, పిట్‌తో 31-34, స్టాన్‌ఫర్డ్‌తో 13-20. నాలుగు ఓటములు 8 పాయింట్లు, అంతకు తక్కువ తేడావి. కాన్ఫరెన్స్ పట్టికలో 1-7, 2-6 దాదాపు ఒకటిగానే కనిపిస్తాయి. నా బల్ల మీద అవి రెండు వేరు వేరు రోగుల ఫైళ్లు. మొదటిది నిలబడలేని జట్టు. రెండోది నిలబడి, దగ్గర దాకా వచ్చి తడబడిన జట్టు. మొదటిదానికి వేసిన మందు పనిచేసింది. రెండోదానికి మందు ఏమిటో ఇంకా వెతకాలి.

కాసేపటికి వాడు జవాబిచ్చాడు. "స్టాన్‌ఫర్డ్ మ్యాచ్ ఎక్కడ మొదలుపెట్టాలన్నా, చివరి క్వార్టరా?" మొదటి క్వార్టర్, మొదటి డౌన్ అన్నాను. ఆ శనివారం రాత్రి నాకు ఫోన్‌లో ఒక ఫోటో వచ్చింది. లాంగ్ నోట్‌బుక్‌లో చేత్తో గీసిన గళ్లు, పైన "1వ డౌన్" అని తెలుగులో, కింద వరసగా అంకెలు.